పుస్తకంలో లేని నిప్పు

మొన్న చౌరస్తా టెంటులో ఒక పిల్లవాడు మాకు కరపత్రం చదివి వినిపించాడు. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బాయి అంటే మా దగ్గర బొగ్గుగని, బాయిలన్నీ బందు. రిటైరైన ముసలివాళ్లకు దిగడానికి బాయి లేకపోయినా కూర్చోవడానికి టెంటు ఉంది కదా అని మేము పొద్దున్నే పోయి కూర్చుంటున్నాం. రోడ్డు మీదే మూడు రాళ్లు పెట్టి ఆడవాళ్లు పులిహోర కలుపుతున్నారు. చింతపండు పులుసు ఉడికే వాసన, టైరు కాలిన వాసన, రెండూ కలిసి ముక్కులో ఒకే చోట కూర్చున్నాయి.

మాలో సగం మందికి చదువు రాదు. వచ్చిన సగం మంది కళ్లద్దాలు ఇంటి దగ్గర ఉంటాయి. అందుకని రోజూ ఆ పిల్లవాడే చదువుతాడు. ఇరవై ఏళ్లుంటాయి, గొంతు బాగుంటుంది. రేపు ఎక్కడ కలవాలో, ఎన్ని గంటలకు కలవాలో చదివాడు. తర్వాత కాస్త ఆగి ఇంకొంచెం చదివాడు.

"మన నడుమ ఉండుకుంటనే మన ముచ్చట్లు మోసేటోళ్లు ఉన్నరు. చౌరస్తల చాయ్ పోసేటాయన గసొంటోడే. ఆయన మనోడు గాదు. ఆయన తాన చాయ్ తాగుడు బందు పెట్టాలె."

ముసలివాళ్లంతా తలలూపారు. నేనూ ఊపాను. ఆ చాయ్ ఆయన సముద్రం దిక్కు జిల్లా నుంచి వచ్చినవాడు. ఇరవై ఏళ్లుగా అదే మూల మీద డబ్బా పెట్టుకుని, మొదటి షిఫ్టువాళ్లకు తెల్లారకముందే అల్లం దంచుతున్నవాడు. ఆయన డబ్బా టెంటు నుంచి కనిపిస్తూనే ఉంది. ఆ సాయంత్రానికే బల్లలు ఖాళీ.

కానీ చదువుతున్నంతసేపూ నేను ఆ పిల్లవాడి కళ్లు చూశాను. చదివేవాడి కళ్లు నాగలి ఎద్దుల్లా ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోయి మళ్లీ తిరిగొస్తాయి. మొదట వాడివి అట్లాగే తిరిగాయి. చాయ్ ఆయన సంగతి దగ్గరికి వచ్చేసరికి మేకుకు కట్టేసినట్టు ఒకే చోట నిలబడిపోయాయి. అచ్చు భాష కూడా అక్కడే వాడింటి భాష అయిపోయింది. ఆ ముక్క కాగితంలో లేదు.

నాకెలా తెలుసంటారా? ఈ బొగ్గు నేల మీద ఆ విద్య మొదలుపెట్టిందే నేను. అప్పటికి నాకు ఏడేళ్లు.

ఏడు కాదు, పదకొండు. ఏడంటే వినేవాళ్లు ముక్కు మీద వేలేసుకుంటారని అలవాటుగా అట్లా అనేస్తాను.

ఇప్పుడు ఓపెన్‌కాస్టు గని తవ్విన మట్టి గుట్టలా పోసి ఉన్న చోట అప్పుడు మా గుడిసెల లైను ఉండేది. గుట్ట కింద ఎన్ని నిలువుల లోతులో ఉందో ఇవాళ చూపించమంటే చూపించలేను. కరెంటు ప్లాంటు పొగగొట్టాలు లేవు, ఎరువుల ఫ్యాక్టరీ లేదు. అడవి కొట్టి కొత్తగా తవ్విన బాయి ఒకటి, దాని సైరను ఒకటి. ఆ సైరనుతోటే లేచేవాళ్లం, ఆ సైరనుతోటే తినేవాళ్లం.

మేము పాలమూరు దిక్కు నుంచి వచ్చిన ఆరు కుటుంబాలవాళ్లం. మా ఊళ్లో దూరదేశపు దొరలు పెట్టిన మెన్నోనైటు క్రైస్తవ మిషను ఉండేది. మా తాతల కాలంలోనే చెరువులో ముంచి బాప్తిస్మమిచ్చారట. కరువొచ్చి, కడుపు పట్టుకుని ఇక్కడికి వచ్చినప్పుడు మావాళ్లు తెచ్చుకున్న ఆస్తి ఒక రేకు బిస్కట్ల డబ్బా. అందులో పుస్తకం. అట్ట ఎప్పుడో ఊడిపోయింది కాబట్టి దానికి పేరు లేదు. మేము "కతల పుస్తకం" అనేవాళ్లం. తెరిస్తే బిస్కట్ల వాసన వచ్చేది. అందులో ఎన్నడూ బిస్కట్లు చూడని నేను ఆ వాసనకే దాని మీద ప్రేమ పెంచుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం మా పెద్దబాపు గుడిసెలో కూడేవాళ్లం. పెద్దబాపు మా నాయినకు అన్న, ఆరిళ్లకూ సంఘపెద్ద. గోనెసంచుల మీద కూర్చుని పాట, ప్రార్థన, ఆ తర్వాత కథ. కథ అయ్యాక ఉడకబెట్టిన బొబ్బెర గుగ్గిళ్లు. పెద్దవాళ్లెవరికీ అక్షరం ముక్క రాదు. బడికి పోయేవాణ్ని నేనొక్కణ్నే. పెద్దబాపు పుస్తకాన్ని రెండు చేతులతో నా ఒళ్లో పెట్టి, "సదువు బిడ్డా, జర గట్టిగ" అనేవాడు. సంఘంలో అందరికంటే చిన్నవాణ్ని, ఆ గంటసేపు అందరికంటే పెద్దవాణ్ని.

ఆ కథలన్నీ చలి దేశంలో జరిగేవి. నేల మీద మంచు పేరుకునేది. మంచు అంటే పత్తి చేను పగిలినట్టు ఉంటుందని ఎన్నడూ చూడని పెద్దబాపు వివరించేవాడు. అక్కడ మనవాళ్లు ఉండేవాళ్లు. మనవాళ్లు నల్లటి గుర్రబ్బండిలో పోతారు, ముదురు బట్టలు కడతారు, ఒట్టు పెట్టరు, కొట్టినవాణ్ని తిరిగి కొట్టరు, కోర్టు కచేరీల మెట్లెక్కరు. వాళ్ల పక్కన లోకస్థులు, అంటే మన సంఘంలో చేరనివాళ్లు, ఉండేవాళ్లు. లోకస్థులది ఎర్ర చక్రాల బండి. గట్టిగా నవ్వుతారు, మనవాళ్ల పిల్లల్ని జాతరకు రమ్మంటారు, ఆఖరికి బండితో సహా కాలువలో పడతారు. మనవాళ్లు పోయి లేవనెత్తుతారు. ఆ పుస్తకంలో మంచి లోకస్థుడు లేడా అంటే ఉన్నాడు. ప్రతి కథ చివరా మనవాడైపోయి ఏడ్చేవాడు ఒకడుంటాడు. మనవాడు కాకుండానే మంచివాడిగా మిగిలినవాడు మాత్రం ఒక్క కథలోనూ దొరకలేదు.

మాకు లైనంతా ఆ పుస్తకమే అయింది. బాయి దగ్గర మైసమ్మకు కొబ్బరికాయ కొట్టేవాడు లోకస్థుడు. బతుకమ్మ ఆడేది లోకస్థురాలు. మా ఆడవాళ్లు పూలు పెట్టుకోరు, నల్లపూసలు కట్టరు, బొట్టు లేదు. పక్క లైను పిల్లలు "బోడి నొసలోళ్లు" అని ఎక్కిరిస్తే మాకు కోపం రాకపోగా గర్వంగా ఉండేది. కథలో కూడా మనవాళ్లను ఎక్కిరిస్తారు కదా!

ఎర్ర చక్రాలు అన్నాను. ఆ పుస్తకంలో రంగుల్లేవు. గీతల బొమ్మలు, అన్నీ నలుపే. బడి పంతులుగారి ఎర్రసిరా సీసా దొంగిలించి ఆ చక్రాలకు ఎరుపు పూసింది నేనే. మరుసటి ఆదివారం బొమ్మ చూసి పెద్దబాపు, "సూసిండ్రా, ఎంత ఎర్రగున్నయో!" అన్నాడు. లోపల ఉన్నదే పైకి తేలిందని అనుకున్నాడేమో. నేను పేజీ తిప్పేశాను.

షిఫ్టు దిగే వేళకు మా పిల్లలం బాయి కంచె దగ్గర నిలబడి ఒక ఆట ఆడేవాళ్లం. పైకి వచ్చేవాళ్లలో ఎవడు నల్లబండివాడో, ఎవడు ఎర్రబండివాడో ముందుగా చెప్పాలి. చెప్పడం ఎవడి తరం? అందరి మొహాలూ బొగ్గే, కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనిపించవు. ఒకనాడు నేను "నాయినా!" అని ఉరికి ఒకాయన కాళ్లు పట్టుకున్నాను. ఆయన "ఏం రా బేటా" అని వంగి, సద్దిగిన్నెలో మిగిలిన రొట్టెముక్క నా చేతిలో పెట్టాడు. గొంతు విన్నాక తెలిసింది, మా పక్క గుడిసె చాచా. రొట్టె మాత్రం తినేశాను.

చాచా, చాచీ మా ఎడమ పక్క గుడిసెలో ఉండేవాళ్లు. పిల్లలు లేరు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, మాతో మా భాష. చాచీకి ముంజేతి నిండా ఆకుపచ్చ గాజులు, నోట్లో ఎప్పుడూ వక్కాకు. మా అవ్వకు ఈ బొగ్గు ఊళ్లో మొదటి స్నేహితురాలు ఆమే. అవ్వ అంటే మా అమ్మ. ఊళ్లో తుమ్మకట్టె పొయ్యి మీద వండిన మనిషికి ఈ రాతిబొగ్గు ఏం తెలుస్తుంది? వచ్చిన మొదటి పొద్దునే గుడిసె లోపలే పొయ్యి ముట్టించిందట. చాచీ ఉరికొచ్చి ఆ పొయ్యిని బయటికి గుంజి, "పాగల్ హై క్యా! పొగ పొయ్యేదాంక బయటనే ఉంచాలె. లోపట పెడితె ఇంటిల్లిపాది పాణం పోతది" అని తిట్టిందట. ఆ తిట్టుతో మొదలైంది వాళ్ల దోస్తీ.

రాతిబొగ్గు రాజుకోవాలంటే అరగంట పడుతుంది. వానాకాలంలో గంట. అందుకని రెండిళ్లకూ ఒక ఒప్పందం ఉండేది. చాచీ ముందు లేచి తన పొయ్యి రాజేస్తుంది. ఎర్రగా కాలిన నాలుగు బొగ్గులు రేకుమూతలో వేసి, రెండు గుడిసెల నడుమ ఉన్న మట్టిగోడ మీద, చూరు కింద పెడుతుంది. అవ్వ ఆ నిప్పు తెచ్చి తన పొయ్యిలో వేసుకుంటుంది. ఖాళీ మూత తిరిగి పంపడం మర్యాద కాదు కదా, అందులో ఇంత పచ్చిమిరపకాయో చారెడు గోంగూరో వేసి పెడుతుంది. అటు నుంచి నిప్పు, ఇటు నుంచి కూర. గోడకు ఆ పక్క ఒక మనిషి, ఈ పక్క ఒక మనిషి నిలబడి పొయ్యి విసురుకుంటూ రాని భాషలో అత్తలను తిట్టుకునేవాళ్లు. అవ్వ నవ్వు వినాలంటే అప్పుడే వినాలి.

దాన్ని చెడగొట్టింది నేను.

చాచీ నిమ్మకాయ అచార్ జాడీ ఎండకు గోడ మీద పెట్టుకుంది. నేను ఉండేలుతో కాకిని కొట్టబోయాను, తప్పి జాడీకి తగిలింది. ఇది మా మనవలకు చెప్పే కథ. అసలు కాకి లేదు. జాడీ పగులుతుందా లేదా చూద్దామనే కొట్టాను. పగిలింది. చాచీ నా చెవి పట్టుకుని, లైను ఈ చివర నుంచి ఆ చివర దాకా, నాతో చదివే పోరగాళ్లందరి ముందు నుంచి నడిపించింది. "సూడుండ్రి, మా ఇంటి శైతాన్!" అని నవ్వుకుంటూనే. ఆమెకది ఆట. నాకు చెవికంటే లోపల ఎక్కువ మండింది.

మరుసటి ఆదివారం పుస్తకం నా ఒళ్లోకి వచ్చింది. ఒక పేజీ తెరిచి, కళ్లు దాని మీద పెట్టి, అందులో లేని కథ చదవడం మొదలుపెట్టాను.

చలి దేశంలో ఒక నల్లబండి ఇల్లు. పక్కింట్లో ఒక లోకస్థురాలు. ఆమెకు చేతినిండా గాజులు, ఎర్రటి నోరు. రోజూ పొద్దున నవ్వుకుంటూ మనవాళ్లకు నిప్పు ఇచ్చేది. ఆ నిప్పు మీద వండింది తిన్నవాళ్లు మొదట పాట మరిచిపోయారు. తర్వాత ప్రార్థన మరిచిపోయారు. ఆఖరికి ఒకరి పేరు ఒకరు మరిచిపోయి, ఒకే ఇంట్లో పరాయివాళ్లలా తిరిగారు.

పెద్దబాపు కళ్లల్లో నీళ్లు. "ఇంకోపాలి సదువు" అన్నాడు. చదివాను. పొల్లుపోకుండా అదే వచ్చింది. నిజాలు మరిచిపోతాను గాని, నా అబద్ధాలు నాకు బాగా గుర్తుంటాయి.

అందరూ మా అవ్వ దిక్కు చూశారు. అవ్వ నేల దిక్కు చూసింది.

"పుస్తకంల ఉన్నది. ఇంక నేను జెప్పేది ఏముంది మరదలా?" అన్నాడు పెద్దబాపు మెల్లగా. ఆయన చెడ్డవాడు కాదు. ఆరు కుటుంబాలను ఊరుగాని ఊళ్లో చెదిరిపోకుండా పట్టుకుని ఉన్నవాడు. పట్టుకోవడానికి ఆయన చేతిలో ఉన్నది ఆ పుస్తకం ఒక్కటే.

ఇంటికొచ్చాక అవ్వ నాయినను అడిగింది. "ఏమంటవ్?"

"నేనేమంట? అచ్చుల ఉన్నదాయె" అన్నాడు నాయిన.

తెల్లారి చాచీ ఎప్పటిలాగే గోడ మీద నిప్పు పెట్టింది. "లే బెహెన్, పట్కపో" అని పిలిచింది. అవ్వ పోలేదు. ముందురోజు నిప్పు తెచ్చిన మూత కడిగి, ఉత్తగా, ఏమీ వేయకుండా గోడ మీద పెట్టి వచ్చింది. చాచీ ఆ ఖాళీ మూత చేతిలోకి తీసుకుని లోపలా బయటా తిప్పి చూసింది.

వాన ముసురు పట్టిన రోజులు. బొగ్గు తడి. అవ్వ కిరసనాయిలు గుడ్డ పెట్టి, తాటికమ్మతో విసిరి విసిరి దగ్గేది. పసుపుపచ్చటి పొగ గుడిసె చుట్టూ తిరిగేది. నాయిన రెండుసార్లు సద్ది లేకుండానే షిఫ్టుకు పోయాడు. అయినా చాచీ నిప్పు పెట్టడం ఆపలేదు. ప్రతి పొద్దునా నాలుగు బొగ్గులు, అదే రేకుమూతలో, అదే చూరు కింద. ఎర్రగా ఉన్నవి మెల్లమెల్లగా మీద తెల్లటి పొర కట్టేవి. బడికి పోయేవేళకు బూడిద. నేను రోజూ ఆ గోడ పక్క నుంచే పోవాలి. పదిహేను పొద్దుల బూడిద చూశాను. చెవి నొప్పి ఎప్పుడో పోయింది.

చెబుదామని అనుకోలేదా అంటే, అనుకున్నాను. మా సంఘంలో తప్పు చేసినవాడు అందరి ముందు లేచి నిలబడి ఒప్పుకోవాలి. ఒకాయన కల్లు తాగి అట్లాగే నిలబడి ఒప్పుకోవడం చూశాను. ఒప్పుకున్నాక అందరూ దగ్గరికి తీసుకున్నారు కూడా. కానీ నేను ఒప్పుకుంటే పుస్తకం నా ఒళ్లోంచి పోతుంది. ఆ ఒక్కటీ ఇవ్వబుద్ధి కాలేదు.

అంతలో పాలమూరు నుంచి పాస్టరయ్య వస్తున్నాడని కబురొచ్చింది. ఏడాదికోసారి వచ్చి మూడు రోజులుండేవాడు. సన్నగా, పొడుగ్గా, గొడుగు పట్టుకుని. ఆయనకు చదువొచ్చు. పుస్తకం ముందు పేజీలో కథల పట్టీ ఉంటుందని, అందులో నా కథ లేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ పేజీ చింపి, నమిలి మింగేశాను.

మింగలేదు. మింగానని చెబితే పిల్లలు పడీపడీ నవ్వుతారు. పడవ చేసి బాయి నల్లనీళ్ల కాలువలో వదిలాను. నాలుగు బారలు పోయి మునిగింది.

పాస్టరయ్య వస్తున్నాడని అవ్వ ముసురు విడిచిన రోజు చూసి పుస్తకాన్ని చాపమీద ఎండకు పెట్టింది. తేమకు ఒకదానికొకటి అంటుకుంటున్న ఆకుల్ని ఊదుకుంటూ విడదీసింది. నేనది చూశాను గాని పట్టించుకోలేదు.

ఆయన వచ్చిన రోజు మధ్యాహ్నం పెద్దబాపు గుడిసె నిండిపోయింది. "అయ్యగారూ, నిప్పు కత ఒకటున్నది, మీరు ఇనాలె. మా పోరడు మస్తు సదువుతడు" అన్నాడు పెద్దబాపు. పుస్తకం నా ఒళ్లోకి వచ్చింది. చదివాను. గొంతు ఒకటి రెండుసార్లు వణికింది గాని కథ వణకలేదు. అవ్వ మూలకు కూర్చుని కొంగుతో మూతి కప్పుకుని దగ్గుతోంది. పాస్టరయ్య పుస్తకం దిక్కు చూడలేదు. నా మొహమే చూస్తున్నాడు. అయిపోయాక "బాగుంది" అన్నాడు. అంతే. గుగ్గిళ్లు తిన్నాడు.

తర్వాత చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గరికి పోతూ నన్ను నీళ్లు కొట్టమన్నాడు. నేను పంపు కొడుతుంటే, వేళ్లు ఒక్కొక్కటీ తోముకుంటూ అన్నాడు.

"మంచిగ సదివినవ్. ఒక్కటే తక్కువైంది బిడ్డా. నీ కండ్లు కదల్లే."

నా చేతిలో పంపు ఆగిపోయింది.

"కొట్టు, కొట్టు. నీళ్లు ఆపకు." ఆయన గొంతులో కోపం లేదు. "గా కతకు ఇంకో సగం ఉండాలె గదా. రెండో సగం ఎప్పుడు సదువుతవ్?"

"అయ్యగారూ..."

"రేపు సదువు. నేను ఇనే పోత."

మరునాడు మధ్యాహ్నం చదివాను. పాట మరిచిపోయిన ఇంటివాళ్లు, వెతికి వెతికి, చివరికి పక్కింటి లోకస్థురాలి గడప తొక్కి మా పాట మాకియ్యమని అడిగారు. ఆమె అంది: నా నిప్పు మీ పాటను తినలేదు. రోజూ పొద్దున మీరు పాడుతుంటే గోడకీవల నేను వింటూనే ఉన్నాను. మీరు మరిచినా నాకు వచ్చు. అని మొదటి నుంచి చివరి దాకా పాడి వినిపించింది. వాళ్లకు ఒక్కొక్క మాటే గుర్తొచ్చింది. ఆమె వాళ్లలో కలవలేదు, ఏడవలేదు, కాలువలో పడలేదు. మరుసటి పొద్దున మళ్లీ నిప్పు పెట్టింది.

పదకొండేళ్లకే ఎంత కల్పన చూశారా అనుకుంటారేమో. ఆ సగంలో నా గొప్ప ఏమీ లేదు. చాచీ పొయ్యి విసురుకుంటూ మా ఆదివారం పాట రాగం నిజంగానే తీసేది. మాటలు తెలియక "హూ హూ" అని. అవ్వకూ తెలుసు, నాకూ తెలుసు. పుస్తకంలో మొదటిసారి ఒక నిజం చదివాను, అదీ పుస్తకంలో లేనిది.

పెద్దబాపు కసిరాడు. "ఓరి నీ! గీ సగం మొదలే సదవొద్దారా? ఇన్నొద్దులాయె!"

"రెండు ఆకులు అతుక్కపోయినయ్ పెద్దబాపూ. నిన్ననే ఊడినయ్."

పాస్టరయ్యకు దగ్గొచ్చింది. గొడుగు అడ్డం పెట్టుకుని దగ్గాడు.

తెల్లారి గోడ మీద నిప్పు ఉంది. అవ్వ పోయింది. కొంగులో పచ్చిమిరపకాయలు. నేను గడపలో నిలబడి చూస్తున్నాను. ఆ ఇద్దరూ ఏమనుకుంటారో, ఎంత ఏడుస్తారో అని. చాచీ మూత అందించి, "జల్ది పట్కపో, సల్లారుతది" అంది. అంతే. పదిహేడు రోజుల తర్వాత వాళ్ల మధ్య మాట అదొక్కటే. కాసేపయ్యాక గోడకు అటూ ఇటూ విసరడం మొదలైంది. ఇంకాసేపయ్యాక అవ్వ నవ్వు వినబడింది.

నేను ఊపిరి పీల్చుకుని రొట్టె తింటుంటే అవ్వ దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఏ ఆకులురా అతుక్కున్నయ్?"

నేను నమలడం ఆపాను.

"మొన్న ఎండకు పెట్టి ఒక్కొక్క ఆకు నేనే ఇడదీసిన గదా. ఒక్కటన్న అతుక్కోలె."

ఆమెకు చదువు రాదు. పుస్తకం మాత్రం నాకంటే బాగా తెలుసు. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. "రేపటి సంది నిప్పు నువ్వే తెస్తవ్. రోజు" అంది, లేచిపోయింది.

అప్పటి నుంచి రోజూ పొద్దున నేనే పోయేవాణ్ని. గోడ దగ్గరికి కాదు, చుట్టూ తిరిగి చాచీ వాకిట్లోకి. ఆమె పట్టకారుతో ఒక్కొక్క బొగ్గూ ఏరి మూతలో వేసేది. నేను ఎదురుగా కూర్చునేవాణ్ని. చాలాసార్లు నోటిదాకా వచ్చింది. ఒకరోజు అనేశాను. "చాచీ, గా కత ఉన్నది సూడు, మొదటి సగం, అది..." ఆమె మూత నా చేతిలో పెట్టి, అప్పుడు పట్టుకున్న చెవినే మెల్లగా ఒకసారి గుంజి, "ఉరుకు రే, సల్లారుతది" అంది. ఉరికాను. మళ్లీ అనలేదు. ఆమెకు తెలిసి ఆపిందో, తెలియక ఆపిందో ఇప్పటికీ నాకు తెలియదు. రెండేళ్లకు చాచాకు వేరే బాయికి బదిలీ అయింది. వాళ్ల సామాను ఎడ్లబండి మీద పోయింది. ఆ బండి చక్రాలకు ఏ రంగూ లేదు.

పెద్దబాపు చనిపోయేదాకా ఆ రెండు సగాలూ పుస్తకంలో ఉన్నాయనే నమ్మాడు. పుస్తకం ఆయనతో పాటే మట్టిలోకి పోయింది. ఆ మట్టి మీద ఇప్పుడు ఓపెన్‌కాస్టు మట్టి. అందరి ముందు లేచి నిలబడి ఒప్పుకోవలసినవాణ్ని, ఎవరి ముందు ఒప్పుకోవాలో వాళ్లెవరూ మిగలలేదు. అబద్ధాన్ని ఇంకో అబద్ధంతో సరిచేసి బతికిపోయాను. అది సరిచేయడమేనా అని అరవై దాటాక అనుమానం వస్తోంది.

ఇదంతా మొన్న తల ఊపి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. నిన్న పోయి టెంటులో అందరి మధ్య నిలబడి, ఆ పిల్లవాణ్ని నిలదీసి, కాగితం గుంజుకుని చదివేశాను.

అంత ధైర్యం నాకెక్కడిది? నీళ్ల డ్రమ్ము దగ్గర వాడొక్కడే ఉన్నప్పుడు చూసి పక్కకు చేరాను.

"బిడ్డా, మొన్న మంచిగ సదివినవ్. రెండో సగం ఎప్పుడు సదువుతవ్?"

"ఏం సగం తాతా?" అని నవ్వాడు.

"నీ కండ్లు కదల్లేరా."

వాడి నవ్వు ఆగిపోయింది. జేబులో మడత పెట్టిన కాగితం తీసి, విప్పి, చూశాడు. మొదటి వరస నుంచి చివరి వరస దాకా, నా ముందరే, కళ్లు కదిలిస్తూ. "ఆయన తోటి లొల్లయింది తాతా. అందరి ముందట నన్ను నూకేసిండు" అన్నాడు. చిన్నపిల్లవాడి గొంతుతో. నా చెయ్యి నా చెవి మీదికి పోయింది. ఇకమీద వాడు టెంటులో ఏం చదువుతాడో నేను చెప్పలేను. చదివినా అది వాడి సగం. తల ఊపిన సగం నాది.

అందుకని ఇవాళ పొద్దున చౌరస్తా దాటి చాయ్ డబ్బా దగ్గరికి పోయాను. బల్లలు ఖాళీగా ఉన్నాయి. బొగ్గుల పొయ్యి మాత్రం ఎప్పటిలాగే ఎర్రగా మండుతోంది. ఎవరూ రాకపోయినా ఆయన రోజూ రాజేస్తూనే ఉన్నాడన్నమాట. నన్ను చూసి అల్లం దంచి, పొంగించి, గ్లాసు నా ముందు పెట్టాడు.

"తమ్మీ," అన్నాను, "మొన్న టెంటుల నీ మీద ఒక మాట సదివిండ్రు. అది అబద్ధమని నాకు అప్పుడే ఎరుక. ఎరుక ఉండి..."

"ఇప్పుడవన్నీ ఎందుకండీ పెద్దాయనా. ముందు తాగండి, చల్లారిపోద్ది" అన్నాడు ఆయన, మొహం పక్కకు తిప్పుకుని.

గ్లాసు పక్కకు జరిపాను.

"సల్లారనియ్యి. ఇంకోటి పోస్తువు గాని. ముందు నా మాట మొత్తం ఇను."